హనోరా ఆకుపచ్చ గౌను

ఇంగ్లీషు సర్కారువారి హాలిఫాక్స్ కోటలో హనోరా టూహీని ఎరగని సిపాయి లేడు. వాళ్ళ చొక్కాలు ఉతికేది ఆమే, వాళ్ళ నాటకాల్లో నాయికకు నడక నేర్పిందీ ఆమే. ఆ నాయిక ఎవరో కాదు, ఆమె మొగుడు మార్టిన్. ఆరడుగుల మనిషి. మొదటిసారి ఆడవేషం కట్టమన్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

"నడుస్తున్నావా, కవాతు చేస్తున్నావా? గౌను అంచు రెండు వేళ్ళతో పట్టుకో. శత్రువు పీక పట్టుకున్నట్టు కాదు!" అంటూ, సిపాయిలందరూ ఉండే బారకాసులో పరదా కట్టుకున్న తమ మూలలోనే మంచం చుట్టూ తిప్పి తిప్పి నేర్పింది.

గౌను కూడా ఆమెదే, పెళ్ళినాటి ఆకుపచ్చ గౌను. అతని భుజాలకు చాలక ఏటేటా ఓ కుట్టు విప్పి, ఓ ముక్క అతికి, చివరికి తను తొడుక్కుంటే జారిపోయేలా చేసింది.

"నీ పెళ్ళిగౌను నీ మొగుడే చింపేస్తున్నాడే!" అని పక్క పరదాలో ఉండే జెమైమా ఎగతాళి చేసేది.

"చింపనీ. ఊళ్ళో చేపల వర్తకుల పెళ్ళాలు చప్పట్లు కొట్టేది ఆ గౌనుకే మరి!"

వాళ్ళకు బాగా పేరు తెచ్చిన నాటకంలో, నాయిక కళ్ళు మూసుకుని టోపీలోంచి ఓ చీటీ తీయాలి. ప్రతి ఆటలోనూ మార్టిన్ చేతికి 'పెళ్ళి' అన్న చీటీయే వచ్చేది. రాక చస్తుందా? అన్నిటి మీదా అదే మాట. రాసింది నాటకాలు ఆడించే సార్జెంట్ ప్రాథర్, మడిచింది హనోరా.

ఆ వసంతంలో రష్యా మీద యుద్ధానికి కదలమని దళానికి ఉత్తర్వు వచ్చింది. నూరుమంది సిపాయిలుంటే ఆరుగురి పెళ్ళాలకే ఓడలో చోటు. మిగతావాళ్ళు బారకాసు ఖాళీ చేసి ఎలా బతుకుతారో వాళ్ళ ఖర్మ. ఇదీ సర్కారువారి న్యాయం! హనోరాకు ఆ ఊళ్ళో మార్టిన్ తప్ప నా అన్నవాళ్ళు లేరు.

ఎవరు వెళ్ళాలో చీటీలు తీసి తేలుస్తారు. ఆ రోజు సార్జెంట్ పట్టుకొచ్చింది నాటకంలోని ఆ టోపీనే. దాన్ని చూడగానే హనోరాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు తియ్యి మార్టిన్."

"ఆడవాళ్ళే తీయాలి కదే."

"నీ చెయ్యి ఎప్పుడైనా తప్పిందా? తియ్యమంటుంటే!"

"పిచ్చిదానా, అది నాటకం!"

"నాకు తెలీదా? మడిచిందే నేను. అయినా తియ్యి."

సార్జెంట్ సరేనన్నాడు. మార్టిన్ అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. వెనకనుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. చీటీ మీద 'ఉండాలి' అని ఉంది. తర్వాత చెయ్యి పెట్టిన జెమైమాకు 'వెళ్ళాలి' వచ్చింది.

తన వంతు తను తీసుకుని ఉంటే ఆ చీటీ తనకే వచ్చేదేమో! ఆ మాట హనోరాను బతికినన్నాళ్ళూ తినేసింది.

నాటకాల సామాను పెట్టెకు మాత్రం ఓడలో చోటు దొరికింది. సిపాయిలకు ఉల్లాసం కావాలట, కర్నలుగారి హుకుం. ప్రయాణం నాటి ఉదయం మార్టిన్ పెట్టెలోంచి గౌను బయటికి తీశాడు.

"ఇదైనా నీ దగ్గర ఉంచుకోవే."

"నాకు జారిపోతుంది. అక్కడ నీ భుజం దగ్గర చినిగితే ఎవరు కుడతారు?" అంటూ గౌను జేబులో సూదీ, పచ్చదారమూ పెట్టి, మళ్ళీ పెట్టెలో సర్దేసింది.

రేవులో నలుగురు ఆ పెట్టెను మోసుకొచ్చారు. "తప్పుకోమ్మా, దారివ్వు!" అని కసిరారు. హనోరా పక్కకు తప్పుకుంది.

ఓడ కదిలాక, పైనుంచి మార్టిన్ ఒంటి మీద లేని గౌను అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు నటించి, ఆమె నేర్పినట్టే మోకాళ్ళు వంచి సలాం చేశాడు. రేవంతా గొల్లున నవ్వింది. హనోరా కూడా నవ్వింది. ఓడ పొగమంచులో కలిసిపోయాక అక్కడే చతికిలబడి భోరుమంది.

ఆకులు రాలే కాలంలో సార్జెంట్ ప్రాథర్ ఉత్తరం వస్తే చర్చి ఫాదర్ చదివి వినిపించాడు. యుద్ధం ఇంకా కంటపడకముందే, ఆ దూరదేశపు గుడారాల్లో మార్టిన్ కలరాతో పోయాడు. ఒక్క ఆటైనా ఆడే తీరిక దొరకలేదు, పెట్టె ఇంకా ఓడలోనే ఉందని సార్జెంట్ చివర రాశాడు.

హనోరా ఆ చివరి మాట మళ్ళీ చదివించుకుంది.

"దించనే లేదా?" అంది. "మరి నా చోట్లో దాన్నెందుకు తీసుకెళ్ళారు ఫాదర్?"