గీత పక్కన పడిన బంతి

పాస్టరుగారిని అందరూ ‘ఈలయ్యగారు’ అనేవారు. మెడలో శిలువ లేని రోజైనా ఉండేదేమో గాని, ఈల లేని రోజు లేదు. కాలవ నీళ్ల తగాదాతో ఎగువూరు, దిగువూరు ఉప్పూ నిప్పుగా ఉన్న కాలంలో ఆయన అక్కడికి వచ్చాడు. ప్రసంగాలు చెవికెక్కకపోయేసరికి, ఎగువూరి చర్చి వెనక ముళ్లకంప కొట్టించి, వల కట్టి వాలీబాల్ మొదలుపెట్టాడు.

“ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, బంతినైనా చూస్తారులే” అన్నాడు భార్యతో.

చూశారు. చూస్తూ చూస్తూ మాటలు కలిపారు. కొన్నేళ్లకు ఒకరి పొలానికి ఒకరు సాయం వెళ్లేదాకా వచ్చింది.

అలాంటిది, ఒక ఏడు రెండూళ్ల పోటీ ఆఖరాటలో అంతా తలకిందులైంది. ఎగువూరి జట్టులో పాస్టరు బావమరిది ఉన్నాడు. తాపీమేస్త్రీ, కొడితే బంతి పేలినట్టుండేది. గెలుపు పాయింటుకు అతను ఎగిరి కొట్టిన బంతి గీత పక్కన దుమ్ము లేపింది. పాస్టరు ఈల ఊది, “అవుట్!” అన్నాడు.

“మా చర్చిలో ఉంటూ మమ్మల్నే ముంచుతావా?” అని ఎగువూరివాళ్లు మీదికొచ్చారు. ఎవడో రాయి విసిరాడు. బావను కాయబోయి అడ్డం వచ్చిన బావమరిది కంటికి తగిలింది.

ఆ కన్ను దక్కలేదు.

“లోపలే పడిందని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేదండీ?” ఆసుపత్రి వరండాలో భార్య అడిగింది. “దేవుడు మాత్రం చూసీచూడనట్టు ఊరుకునేవాడు కాదా?”

ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

మంచం మీద బావమరిది, “బావా, నిజంగా బయటే పడిందా?” అన్నాడు.

“బయటేరా.”

“నాకైతే లోపల పడ్డట్టే కనిపించింది. అప్పటికి రెండు కళ్లూ ఉన్నాయిగా” అని నవ్వబోయి, నొప్పికి మూలిగాడు.

ఆ మాట పాస్టరు గుండెలో ములుకై దిగింది. కళ్లు మూస్తే బంతి ఒకసారి గీత మీద, ఒకసారి అవతల పడేది. నిజానికి కట్టుబడ్డానని చెప్పుకుందామన్నా, అది నిజమో కాదో ఆయనకే తెలియకుండా పోయింది.

కాలవ గట్టు మీద మళ్లీ కర్రలు లేచాయి. అందరూ రావడం మానేశాక చర్చిలో మిగిలిన ఒక్క ముసలామె కూడా ఒక ఆదివారం, “తప్పు నీదని కాదు నాయనా, నిన్ను చూస్తే ఆ పిల్లాడి కన్నే గుర్తొస్తోంది” అని మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

వేరే ఊరు పంపిస్తామని పైవాళ్లు కబురు పెడితే వద్దన్నాడు. ఎక్కడికెళ్లి ఎవరికేం చెబుతాడు? ఒంటికన్నుతో పరంజా ఎక్కలేని బావమరిది వాళ్లింట్లోనే ఉండిపోయాడు. భార్య ముందు తమ్ముడికి వడ్డించేది, తర్వాత మొగుడి కంచంలో వేసేది. తినే ముందు ప్రార్థన చెయ్యమని ఎవరూ ఆయన్ని అడగలేదు.