సీతాఫలం తినేంత సేపు

మొన్న మహబూబ్‌నగర్ బస్టాండు బయట గంపలో సీతాఫలాలు కనబడితే నోరు ఊరలేదు, సిగ్గేసింది.

వ్యవసాయ శాఖలో మోత్కూర్ వైపు పనిచేసిన రోజుల్లో నాకొక జబ్బుండేది. ఎవరిని ఏమడిగినా జవాబు నేనే చెప్పేవాణ్ణి. నా కింద కొత్తగా చేరిన విస్తరణాధికారి ఒక అమ్మాయి. రైతుల సమావేశంలో ఆమె నమస్కారం పెట్టేలోగా మిగతా ఉపన్యాసం నేను పూర్తిచేసేవాణ్ణి. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. రైతులు మాత్రం ఆమెకు ‘మైకు పట్టే మేడం’ అని పేరు పెట్టారు. ఆమె బదిలీ దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకు తిరుగుతోందన్న సంగతి పక్క సీట్లో ఉన్న నాకంటే ముందు మా పెద్దసారుకు తెలిసింది.

ఆయన ఎవరినీ కసిరే మనిషి కాదు. ఆ వారం రైతు వేదికలో జరిగే సమావేశానికి వచ్చి, వెనక వరుసలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సంచిలోంచి బాగా మాగిన సీతాఫలం తీసి విప్పి చేతిలో పెట్టారు. పెద్దాయన పెడితే కాదంటామా? అంతలో ఒక ముసలి రైతు లేచి, ముందు మైకు పట్టుకుని నిలబడ్డ ఆమెను అడిగాడు.

“పత్తిపూలు విచ్చుకుంటలెవ్వు బిడ్డా, ముడుసుకొనే ఉంటున్నయి. ఏం రోగమది? నువ్వు చెప్తవా, సారును లేవమంటవా?”

అందరూ నవ్వారు. నీళ్ళు చాలకనే అని నాకు గట్టి నమ్మకం. లేవబోయాను. నోటినిండా గింజలు.

“ఉమ్మకు తమ్మీ, కొత్త బండలు ఏసిండ్రు. జర నిమ్మళంగ తిను,” అంటూ పెద్దసారు ఇంకో పండు విప్పారు.

ఆమె అలవాటుగా నా వైపు చూసింది. ఉబ్బిన నా బుగ్గలు చూసి నవ్వు ఆపుకుంది. “చూడకుంట చెప్తే తప్పయితది తాతా. నీ చేనుకే పోదాం పా,” అని మైకు కింద పెట్టి నడిచింది. సభంతా ఆమె వెనకే, రెండో పండు తింటూ నేనూ, నా పక్కనే పెద్దసారూ. చేలో ముడుచుకున్న పువ్వొకటి తుంచి విప్పితే లోపల పురుగు!

“నీళ్ళు చాల్తలెవ్వనుకొని తడి మీద తడి పెడ్తి గదనే,” అని తాత తల పట్టుకున్నాడు. నేను గింజలతో పాటు నా జవాబునూ మింగాను.

పెద్దసారు నా చెవిలో, “నీ నోరు ఆపుడు నాతోని కాలే తమ్మీ, పండుతోని అయింది,” అన్నారు. ఆమె అలాంటి పూలు మరో నాలుగు ఏరి, పక్క ఊళ్ళో చూపించాలంటూ బ్యాగులోంచి తీసిన కాగితంలో పొట్లం కట్టింది. దగ్గరికెళ్ళి చూస్తే అది బదిలీ దరఖాస్తు.

రెండు పండ్లు తినేంత సేపు చాలింది ఆమెకు. ఆ కాస్త సమయం ఇవ్వడం తెలియక, అంతకుముందు అన్నేళ్ళలో ఎందరి మాటలు మధ్యలోనే మింగేశానో.