పక్క గల్లీలో మగ్గాలు మోగగానే

మాది ముంబై దగ్గర మరమగ్గాల ఊరు భివండి. ఇంట్లోనే కంప్యూటర్ మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తుంటాను. పోయిన ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం, చీరలు నేయించే సేఠ్‌కు సాయంత్రంలోగా పంపాల్సిన డిజైన్ గీస్తుండగా పాత మానిటర్ నల్లబడిపోయింది. టార్చి వేసి చూస్తే పువ్వులు మసగ్గా కనిపించాయి.

"బొమ్మ మంచిగనే ఉన్నది, ఎన్క లైటే పోయింది. ఇప్పి చూస్త" అన్నారు మా ఆయన.

అంతలో కరెంటు పోయింది. "ఇదే మంచిగైంది" అంటూ ఆయన వెనక మూత తీసి, లోపల వైర్లు కదిలించి చూస్తున్నారు. నేను టార్చి పట్టుకున్నాను.

ఉన్నట్టుండి పక్క గల్లీలో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా మోగాయి. వాళ్లకు కరెంటొస్తే మరుక్షణం మాకూ వస్తుంది. చూస్తే, మంచం అవతల గోడకు మానిటర్ ప్లగ్గు అలాగే ఉంది!

"శ్రావణి నాయినా, చెయ్యి తీయుండ్రి!" అని మా పాప పేరు పెట్టి అరిచాను. ఆ చప్పుడులో ఆయనకు వినబడలేదు. టార్చి పారేసి, మంచం మీదుగా దూకి ప్లగ్గు లాగేసి కింద పడ్డాను. ఆ వెంటే మా ఫ్యాను తిరిగింది. ఆయన చెయ్యి ఇంకా మానిటర్ లోపలే ఉంది.

"ఏందే, పడ్డవా?" అంటూ తిరిగిన ఆయన నా చేతిలో ప్లగ్గు చూశారు. తలెత్తి ఫ్యాను చూశారు. నా పక్కనే కూలబడ్డారు.

మర్నాడు మెకానిక్ లైటు మార్చాకే డిజైన్ పంపగలిగాను. ఆలస్యమైందని సేఠ్ ఫోన్లో చాలాసేపు అరిచాడు. నాకు కోపమే రాలేదు. పక్కగదిలో మా ఆయన పాపతో నవ్వుతూ మాట్లాడుతుంటే, ఆ మాటలే వింటూ కూర్చున్నాను.