మంచినీళ్ళు పడని చేపలు

ఎనభయ్యో దశకం చివర్లో కోయంబత్తూరులోని ఒక నూలు మిల్లులో నేను హ్యుమిడిఫికేషన్ సూపర్‌వైజరుగా చేరాను. గాలిలో తడి తగ్గితే నూలు తెగుతుంది. అందుకని సన్నటి తుంపర కలిపిన గాలిని పైకప్పు గొట్టాల గుండా స్పిన్నింగు హాలులోకి వదిలేవాళ్ళం. ఆ మసక వెలుతురులో, ఎగిరే దూదిపొరల మధ్య మనుషులు నడుస్తున్నట్టు కాక ఈదుతున్నట్టు కనిపించేవారు. తాగునీటి ట్యాంకు కూడా మా విభాగం కిందే ఉండేది.

ఒక ఎండాకాలంలో ఆఫీసు ముందరి హాలులో చేపల కోసం అద్దాల తొట్టి పెట్టారు. దాన్ని చూసుకునే పని రంగమ్మకు ఇచ్చారు. ఆమె మా తెలుగువాళ్ళ వీధి మనిషే, నాకంటే పెద్దది. బ్లోరూములో, అంటే దూది బేళ్ళు విప్పి దులిపే చోట, ఏళ్ళ తరబడి పనిచేసి దగ్గు తెచ్చుకుంది. తొట్టి సరిగ్గా నడిస్తే ఆ దుమ్ములేని పని ఆమెకే ఉంటుందని, లేకుంటే మళ్ళీ బ్లోరూమేనని మేనేజరు ముందే చెప్పాడు.

గాంధీపురం దుకాణం నుంచి బంగారు చేపలు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. ఏ నీళ్ళు పొయ్యాలని రంగమ్మ నన్ను అడిగింది. మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, శిరువాణి నది నుంచి కొళాయికి వచ్చే నీళ్ళు మంచినీళ్ళు. ఇంటికొచ్చిన చుట్టానికి ఉప్పునీళ్ళు ఎవరిస్తారు? మంచినీళ్ళే పొయ్యమన్నాను.

కాసేపటికే చేపలు పైకి తేలి, నోళ్ళు తెరిచి గుటకలు వేయసాగాయి. కొన్ని పక్కకు ఒరిగి, నిద్రలో దొర్లినట్టు మెల్లగా తిరుగుతూ అడుక్కు దిగిపోయాయి.

గుమాస్తా దొరసామి నవ్వాడు. "ఏం రంగక్కా, నీ చెయ్యి పడె, మీన్లకు మోక్షం వచ్చె! అచ్చిరాని చెయ్యి, రాశిలేని చెయ్యి అంటే ఇదే."

"పోప్పా! సారు మంచినీళ్ళు పొయ్యమనె, పోస్తిని. విషమా కలిపితిని? సార్, మీరైనా చెప్పండి."

ముందు చూద్దామన్నాను. నీళ్ళలో క్లోరిన్ ఉందో లేదో తేల్చే మందు మా దగ్గర ఉండేది. తొట్టి నీళ్ళను గాజు గొట్టంలో పట్టి చుక్క వేస్తే పసుపురంగు తిరిగాయి. ముందురోజే ఆ మంచినీళ్ళ ట్యాంకు కడిగించి బ్లీచింగ్ పౌడరు వేయించింది నేనే. మనుషులు తాగగలిగిన మోతాదు చేపల మొప్పలను కాల్చేస్తుంది.

దుకాణం వాళ్ళవీ బోరు నీళ్ళే గనుక, బతికున్న చేపలను నిలవ బోరు నీటి బకెట్లోకి మార్చాం. గాలి ఆడేలా రంగమ్మ చెంబుతో నీళ్ళు ఎత్తిపోస్తూ కూర్చుంది. క్లోరిన్‌ను విరిచే హైపో పలుకులను తెప్పించి తొట్టిలో కరిగించాను. మళ్ళీ చుక్క వేస్తే రంగు రాలేదు. అప్పుడు చేపలను సంచిలో పెట్టి, సంచిని తొట్టిలో తేలనిచ్చి, తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా లోపల కలిపాం. చివరికి సంచి వంచితే అవి ఒక కలలోంచి ఇంకో కలలోకి జారినట్టు జారిపోయాయి.

మర్నాడు మేనేజరు వచ్చేసరికి అవి హాయిగా ఈదుతున్నాయి.

"అక్క చెయ్యి వేరే, సారు చెయ్యి వేరే. ఇది రాశి చెయ్యి!" అన్నాడు దొరసామి. మేనేజరు నా భుజం తట్టాడు. రంగమ్మ నావైపు చూసింది. నేను నవ్వాను. బ్లీచింగ్ మాట ఎత్తలేదు. ఆ వారమే ఆమెను బ్లోరూముకు పంపి, తొట్టిని నాకు అప్పగించారు.

మిల్లు మూతపడి, మేమంతా ముందుగానే విరమణ తీసుకునేదాకా ఆమె ఆ దుమ్ములోనే పనిచేసింది. రాశిలేని చెయ్యి అన్న మాట మిల్లు దాటి మా వీధికీ వచ్చింది. పెళ్ళిళ్ళలో పసుపు దంచడానికి రంగమ్మను పిలవడం మానేశారు. ఈమధ్య వాళ్ళింటికి వెళ్ళి, ఆ నీళ్ళ తప్పు నాదేనని చెప్పాను. ఆమె దగ్గు ఆగేదాకా ఆగి అంది: "నాకేంటికి తంబీ చెప్పేది? నాకు తెలిసిందే గదా. వాళ్ళకు చెప్పు."

అందుకే ఇది రాశాను. కొత్త చేపలు గుటకలు వేస్తుంటే ముందుగా నీళ్ళను పరీక్షించాలి. తేలినదాన్ని అక్కడ నిలబడ్డ వాళ్ళందరికీ వినబడేలా అప్పుడే చెప్పాలి. నేను మొదటి పని చేశాను, రెండోది చెయ్యలేదు.