ఎస్తేర్ అక్క ఎర్ర పావడా

ఎస్తేర్ అక్క దేనిమీదైనా పావడా కట్టేస్తుంది. ప్యాంటు మీద, పైజమా మీద, ఆఖరికి రెయిన్‌కోటు మీద కూడా. ఐర్లండ్‌లోని స్లైగోలో ఒకే ఇంట్లో చెరో గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆవిడ వృద్ధాశ్రమంలో నర్సు. నాది సాఫ్ట్‌వేర్.

మొదటిరోజే అడిగాను, "మీదే ఊరక్కా?" అని.

"కళింగ."

"అరె, మాదీ అటే. శ్రీకాకుళం."

తీరా చూస్తే ఆవిడ కళింగ ఫిలిప్పీన్స్ కొండల్లో ఉంది. అక్కడి ఆడవాళ్ళు మగ్గాన్ని నడుముకే కట్టుకుని నేస్తారట. ఎరుపు మీద నలుపు, పసుపు చారలు. మన లుంగీలా చుట్టుకోవడమే. ఎవరు కనబడినా "మా అమ్మ నేసింది" అని అంచు పట్టుకుని చూపించేది.

కరోనా వచ్చాక ఈ పిచ్చి ముదిరింది. రోజూ ఓ పావడా ఉతకడం, ఇంట్లో గదులు వెచ్చబరిచే రేడియేటర్లన్నిటి మీదా ఆరెయ్యడం. నా జీన్స్‌కి చోటే లేదు.

"ఒక్క రేడియేటరైనా నాకు వదలవా అక్కా?"

"వీడియో మీటింగులో నడుం కింద ఎవరు చూస్తారు నిన్ను?"

నిజమే కాబట్టి జీన్స్ కుర్చీ మీద ఆరేసుకున్నాను. మా మేనేజరు మాత్రం నా వెనకాల ఎర్రగా కనబడేది చూసి, "ఇవాళ మీకేదైనా పండగా?" అని అడుగుతూనే ఉండేవాడు.

అంతలో అక్కకే కోవిడ్ వచ్చింది. గదిలోంచి, తలుపు తియ్యకుండానే పిలిచింది.

"యుగంధర్, ఆరిన పావడా కట్టుకుని మా ఆశ్రమానికెళ్ళు. లోపలికొద్దు, కిటికీ బయట నిలబడు."

జ్వరం తలకెక్కిందనుకున్నాను. "నేనా? పావడానా?"

"ఆశ్రమంలో ఉండే పెద్దాయన ఫీనీ గారు తిండి మానేశారట. ఆయనకి మతిమరుపు. మాస్కుల్లో మేమంతా ఒకేలా ఉంటాం కదా, ఎవరో అనుకుని హడలిపోతారు. ఈ పావడా ఒక్కటే గుర్తు. రోజూ ఉతికితేనే పీపీఈ గౌను మీద కట్టుకోనిస్తామన్నారు మావాళ్ళు."

జీన్స్ మీద పావడా చుట్టుకుని వానలో బయల్దేరాను. దారిలో గార్డు, అంటే ఇక్కడి పోలీసు, ఆపాడు.

"లాక్‌డౌన్‌లో ఎక్కడికి?"

"ఒక పెద్దాయనకి అన్నం తినిపించాలి."

అతను పావడా వైపు, నా వైపు చూసి, "గ్రాండ్, సరే, వెళ్ళు" అన్నాడు.

కిటికీ కాస్త తెరిచి ఉంది. లోపల ఫీనీ గారు బంగాళదుంపల ప్లేటు దూరంగా తోసేసి కూర్చున్నారు. నన్ను చూశారు. పావడా చూశారు. మళ్ళీ నా మొహంకేసి చాలాసేపు చూశారు.

"పాపం, ఈ పిల్లకి గడ్డమొచ్చేసింది" అన్నారు, పక్కనున్న నర్సుతో. "బ్యూటీ పార్లర్లన్నీ మూసేస్తే ఇలాగే ఉంటుంది మరి."

అని, ప్లేటు దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టారు.