వంద మిల్లీల పెట్రోలు, ఐదు కిలోమీటర్ల గీత

గురువారం మధ్యాహ్నం, ఇంటర్వెల్ గంట కొట్టగానే అత్తమ్మ ఫోన్ చేసింది. "మామ పోయిండు బిడ్డ. అన్నం తిని మంచంల ఒరిగిండు, మల్ల లేవలే" అన్నది. స్టాఫ్ రూంలో కుర్చీ పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెబితే మీరు తిడతారు. "అయ్యో, ఆదివారం బండి పరీక్ష ఉంది కదా" అనుకున్నాను. తిట్టండి. ఆయన వింటే మాత్రం మురిసిపోయేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు, నాచారంలో మా పక్కింటి మామ. మల్లాపూర్‌లో గేర్లు కోసే చిన్న వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా మిల్లింగ్ మిషను ముందు నిలబడ్డ మనిషి. నేను ఉప్పల్ సర్కారు బడిలో లెక్కలు చెబుతాను, రోజూ మోటారు సైకిల్ మీదే పోతాను. మమ్మల్ని కలిపింది ఆ బండే. మేం కొత్తగా దిగిన వారంలోనే ఆయన గేటు దగ్గర నన్ను ఆపాడు. "టీచరమ్మ, మూడో గేరెయ్యాల్సిన కాడ నాలుగేస్తున్నవ్. ఇంజన్ మూలుగుతున్నది, ఇనొస్తలేదా?" అన్నాడు. పేరైనా అడగలేదు.

బండి ఎంతిస్తుంది అంటే అందరూ నోటికొచ్చిన అంకె చెబుతారు. మామకు అది గిట్టదు. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు కట్టేసి, వంద మిల్లీల పెట్రోలు పోసిన సీసాను గొట్టంతో కార్బురేటర్‌కు తగిలించి, అయిపోయేదాకా నడిపి చూడాలి. మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతే. మామ దాన్ని పండగ చేశాడు. ఆదివారం పొద్దున ఆరింటికి, లారీలు రోడ్డెక్కక ముందే, ఉప్పల్ మెట్రో స్తంభాల దగ్గర మొదలుపెట్టి నాచారం మీదుగా మల్లాపూర్ దాకా. వెనక సీటు మీద అత్తమ్మ సీసా ఎత్తి పట్టుకుని కూచునేది. ఒంటరిగా నడిపితే ఆ కొలతను ఆయన ఒప్పుకునేవాడు కాదు. "ఒక్కడే తిరిగెటోనికి మైలేజీతోని ఏం పని?" అనేవాడు.

మా గల్లీలో ఆయన కొలవని బండి లేదు. ఎదురింటి ఫొటోగ్రాఫరు పెద్ద సింగిల్ సిలిండర్ బండి టాప్ గేరులో నింపాదిగా దడదడమంటూ పోతుంటే, "ఇది ఏనుగు, నడిపియ్యాలె, ఉరికియ్యొద్దు" అనేవాడు. నూట యాభై సీసీ కుర్రబండి వస్తే, "దీన్ని తిప్పితెనే బలమొస్తది, తిప్పితే తాగుతది" అనేవాడు. నా వంద సీసీ ఫోర్ స్ట్రోక్ అంటే ఆయనకు గౌరవం, ప్రేమ మాత్రం కాదు. అది వంద మిల్లీలకు ఆరు కిలోమీటర్లు పోయేది. "మస్తు పొదుపు. నీ లెక్కనే" అని నన్ను ఉడికించేవాడు.

ఆయన ప్రేమంతా తన పాత టూ స్ట్రోక్ మీద. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి మండితే, అది ప్రతి చుట్టుకూ మండుతుంది. అందుకే ఆ దూకుడు. ఆ దూకుడులోనే కొంత పెట్రోలు మండకుండా సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఎన్ని ఆదివారాలు తిప్పినా నాలుగు కిలోమీటర్ల నాలుగొందల మీటర్ల దగ్గర ఆగిపోయేది. మల్లాపూర్ ముందు ఒక ఫ్యాక్టరీ గోడ మీద, స్తంభాల నుంచి సరిగ్గా ఐదు కిలోమీటర్ల చోట, ఆయన తెల్ల గీత గీసి పెట్టుకున్నాడు. నా బండి ప్రతిసారీ దాన్ని దాటేది. ఆయన బండి ఒక్కసారీ దాన్ని చూడలేదు. ఇనప సామానోడికి ఇచ్చెయ్యమని గల్లీ అంతా అనేది. "నేను పొయ్యేలోపల అది గీత దాటాలె" అని మామ పంతం.

మధ్యలో నా తెలివి సంగతి కూడా చెప్పాలి. ముందు చక్రానికి, అంటే ఇంజన్ పక్కన చైను తిప్పే చిన్న పళ్ళ చక్రానికి, పద్నాలుగు పళ్ళుంటే నా బండి ఎనభై ఐదు పోతోంది. పదిహేను పెడితే తొంభై దాటాలి. కాగితం మీద లెక్క చేసి చూపించాను. మామ చక్రం కోసి బిగించాడు. రింగు రోడ్డు మీద ఎంత తిప్పినా ఎనభై దాటలేదు. ఎదురుగాలిని తోసుకుపోయే బలం ఇంజన్‌కు లేకపోతే పళ్ళు పెంచి ఏం లాభం? తిరిగొచ్చేసరికి మామ అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. "గాలికి లెక్కలు రావు టీచరమ్మ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందులోనే నవ్వూ వచ్చింది. బల్ల మీద గుద్ది నేర్పినా అంత బాగా ఎవరూ నేర్పలేరు. ఆ మాట నేనిప్పుడు తొమ్మిదో తరగతిలో వాడుతున్నాను.

ఆయన పోవడానికి పది రోజుల ముందు ఇంకో లెక్క పట్టుకెళ్ళాను. "మామా, నీ టూ స్ట్రోక్‌కు పద్నాలుగు తీసి పదహారు పెట్టు. కిలోమీటరుకు ఇంజన్ తిరిగే చుట్లు ఎనిమిదో వంతు తగ్గుతయి. ఐదు పాయింట్ సున్నా మూడు వస్తది" అన్నాను. 

"మల్ల కాయితమేనా?" 

"అప్పుడు స్పీడ్ కోసం చేసిన. ఇప్పుడు నలభై మీదనే పోతం గద, గాలితోని కొట్లాట ఉండదు." 

ఆయన ఆ కాగితం మడిచి చమురుగుడ్డల కింద పెట్టాడు. చేతులు తుడుచుకోవడానికి పనికొస్తుంది అనుకుని ఉంటాడు, అనుకున్నాను. నిజం చెబుతున్నాను, చిన్నబుచ్చుకున్నాను.

దినాలు అయ్యాక అత్తమ్మ పాత బనియన్ ముక్కలో చుట్టిన చక్రం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బుధవారం పాత షాపుకు పొయ్యి కోసుకొచ్చిండు. ఆదివారం దీనితోనే అన్నడు" అంది. పళ్ళు లెక్కబెట్టాను. నమ్మకం చాలక వేలితో తడుముతూ మళ్ళీ లెక్కబెట్టాను. పదహారు. లెక్కల టీచరుగా నాకు సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి. ఏదీ నా చేతిలో అంత బరువు తూగలేదు. అక్కడే కూచుని, ఆయన పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

"ఏడ్సుడు అయినంక బిగియ్యి" అంది అత్తమ్మ. "ఎనక నేనే కూసుంట." 

నలుగురూ ఏమంటారో అన్నాను. 

"అననీ. సీస పట్టుడు వాళ్ళకొస్తదా?"

ఆదివారం ఆరింటికి ఉప్పల్ స్తంభాల దగ్గర కిక్ కొట్టాను. నీలం పొగ, టూ స్ట్రోక్ వాసన. నలభై మీద నిలబెట్టాను. పదహారు పళ్ళతో ఇంజన్ హాయిగా, తక్కువ గొంతుతో పాడుతోంది. నాచారం దాటాం. మల్లాపూర్ ముందు చిన్న ఎత్తు దగ్గర ఇంజన్ గొంతు తడబడింది. అత్తమ్మ నా వీపు మీద తట్టి, "మూడెయ్యి, మూడెయ్యి" అంది. మూడేశాను. ఎక్కింది. పదహారు పళ్ళతో బలం తగ్గింది, పొదుపు పెరిగింది. మామ ఉంటే ఆ ఒక్క ఎత్తు మీద నెల రోజులు వాదించేవాడు. నాలుగున్నర కిలోమీటర్లు దాటింది. ఫ్యాక్టరీ గోడ కనబడింది. తెల్ల గీత నా మోకాలి పక్కగా వెనక్కి పోయింది.

"అత్తమ్మా, దాటినం." 

"సీస అడుగున ఇంకింత ఉన్నది, పో."

ఇంకొంచెం పోయాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మామ పద్ధతిలో ఇంజన్ ఆగిన చోటే కొలత ముగుస్తుంది, వెంటనే బ్రేక్ వెయ్యాలి. కాలు బ్రేకు మీదికి పోయింది.

"కొట్టకు బిడ్డ" అంది అత్తమ్మ. "ఎందాక పోతదో పోనీ."

క్లచ్ పట్టి వదిలేశాను. ముందు పల్లం. చైను చప్పుడొక్కటే. అద్దంలో చూస్తే, ఖాళీ సీసాను అత్తమ్మ ఇంకా అంతే ఎత్తున పట్టుకుని కూచుంది.