భుజం తప్పించిన సాయంత్రం

మా వీధి చివరి పార్కులో కొత్త దీపాలు పెట్టారు. పోయిన వారం అంగడి మూసి, చాలాకాలం తర్వాత చీకటి పడ్డాక అటు వెళ్లాను. దీపాలా అవి, పెళ్లిపందిట్లో కూడా అంత వెలుతురు ఉండదు. చీమ తన దారిన తాను పోతుంటే దాని నీడ కూడా కనిపిస్తోంది. జనం చేతులూపుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఎక్కడికీ చేరని నడకకు అంత తొందరెందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. ఏడో తరగతిలో బడి మానేసి మిక్సీలు బాగుచేసుకునేవాణ్ణి, అర్థం కానివి చాలానే ఉంటాయి లెండి. ఈ దీపాలు ఏడేళ్ల ముందే పెట్టి ఉంటే బాగుండేదని మాత్రం అర్థమైంది.

అప్పట్లో ఇక్కడ నాలుగు స్తంభాలుంటే ఒకటి వెలిగేది, ఒకటి వెలగాలా వద్దా అని ఆలోచించేది, మిగతా రెండూ కుక్కలకు పనికొచ్చేవి. సాయంత్రం ఏడింటికి మేము చేరేవాళ్లం. మేమంటే నేను, మా అక్క మొగుడు, వీధిలోవాళ్లు ఇంకో ముగ్గురు. బావ తిరుమల కొండకు వ్యాను తోలేవాడు. దాని ఓనరు కూడా మా జట్టులోనే ఉండేవాడు; ఆయన ఒక్క చుట్టు తిరిగి, సిమెంటు బల్ల మీద మసాలా బొరుగుల పొట్లంతో కూర్చుండిపోయేవాడు. ఇక నా సంగతంటారా, బావను ఆటపట్టించడం అక్క పెళ్లినాడు నాకు దొరికిన ఉద్యోగం. బావను ఏడిపించని బావమరిదిని చూస్తే మా వైపు జనం వీడికేదో జబ్బు చేసిందనుకుంటారు. పీటల మీద ఉండగా ఆయన చెప్పులు దాచిన రోజు నుంచి ఆ ఉద్యోగంలో ఒక్క సెలవు కూడా పెట్టలేదు నేను.

బావకో అలవాటు ఉండేది. పార్కులో అడుగు పెట్టగానే నా భుజం మీద చెయ్యి వేసేవాడు. మళ్లీ గేటు దాటి వీధి దీపం కిందకు వచ్చేదాకా తీసేవాడు కాదు. డీజిలు, చెమట, సబ్బు కలిసిన వాసనతో బరువైన చెయ్యి. "ఏం బావా, కొత్త పెళ్లికూతురా నువ్వు, చెయ్యి వదిల్తే తప్పిపోతావా?" అనేవాణ్ణి. "మీ అక్క కంటే నువ్వే మెత్తగా ఉండావప్పా," అనేవాడు. నడుస్తూనే కొండ వైపు చూపించేవాడు. ఘాట్ రోడ్డు మీద బండ్ల లైట్లు పైకి పాకుతుంటే, ఏది ఏ మలుపులో ఉందో ఇక్కడి నుంచే చెప్పేసేవాడు. అంత దూరపు లైటు కనిపించే మనిషికి కాలి ముందున్న గుంత కనిపించదని ఎవరనుకుంటారు?

ఒకరోజు జారుడుబల్ల దగ్గర, బాగా చీకటిగా ఉండే మూలలో నా బుద్ధికి దురద పుట్టింది. వెనకవాళ్లకు సైగ చేసి, మెల్లగా భుజం తప్పించి పక్కన నిలబడ్డాను. బావ ఆగిపోయాడు. "రేయ్, యాడికి పోతివి?" అన్నాడు. నేను పలకలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, నడుములోతు నీళ్లలో నడిచినట్టు నాలుగు అడుగులు వేశాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఏమిటా నవ్వులని ఓనరు బల్ల దిగి వచ్చాడు. బావ చెయ్యి పోయి ఆయన భుజం మీద పడింది. "ఆటలొద్దురా, ఇంటికి పోదాం పద. మీ అక్క తిడతాది," అన్నాడు ఆయనతో.

ఓనరు నవ్వలేదు. బావ ముఖం ముందు వేళ్లు మూడు పెట్టి, "ఇవి ఎన్ని, సెప్పప్పా?" అన్నాడు.

"ఏంది సార్, సిన్నపిల్లోణ్ణి అడిగినట్టు."

"ఎన్నో సెప్పు."

బావ మెడ ముందుకు చాచాడు. "రెండు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓనరు వ్యాను తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో రోజు గడిచాక అక్క మా అంగడికి వచ్చింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. "నాకు తెల్సురా. రాత్రి ట్రిప్పు పడిననాడు ముందు బండి ఎర్రలైటు సూసుకుంటా కొండెక్కేవాడు. ఇంటికొచ్చేదాకా నాకు మెతుకు దిగేది కాదు. ఉగాదికి పగటి పనేదన్నా సూసుకుంటా, అంతదాకా ఎవురికీ సెప్పొద్దన్నాడు."

"ముందు బండి లేకుంటే ఏం గతి అక్కా? లోపల కూసున్నోళ్లు మనుషులు కారా?" అన్నాను.

"ఆ మాట ఆ పొద్దు నీ నోట్లో వచ్చింటే నీ కాళ్లకు మొక్కిందును. నువ్వు వాళ్ల కోసం చేసినావా? నలుగురిని నవ్వించేదానికి చేసినావు. నా మొగుణ్ణి గుడ్డోడని ఊరికి సూపించినావు."

అక్క వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు బావ ఒక సైకిల్ స్టాండులో పగటిపూట టోకెన్లు ఇస్తాడు. పొద్దు వాలకముందే ఇంటికి చేరతాడు. చుట్టాల ఇళ్లల్లో ఎదురైతే, ఆయనకు బాగా కనిపించే వెలుతురులోనే నన్ను చూడనట్టు పక్కకు తిరుగుతాడు. ఊరు మాత్రం నన్ను మెచ్చుకుంటుంది. ఈయన కనిపెట్టబట్టి ఎంతమంది ప్రాణాలు నిలిచినాయో అని పోయిన వారం కూడా ఆ బల్ల మీద ఒక పెద్దాయన పక్కాయనకు చెప్పాడు. మొదట్లో అయితే, కాదప్పా, తమాషాకు చేసినా అని అడ్డం పడేవాణ్ణి. తర్వాత ఊరకున్నాను. పోయిన వారం తల ఊపాను. ఏడేళ్లలో కాలం నా ఎకసెక్కాన్ని మంచిపనిగా మార్చేసింది. ఇంకో ఏడేళ్లు పోతే నేనూ నమ్ముతాను. అప్పటికి నేను నవ్వానని గుర్తుండేది ఇద్దరికే. వాళ్లు నాతో మాట్లాడరు.